ముస్లిం బిడ్డకు పేరు పెట్టడం ఎలా: అరబ్బీ అక్షరం నుంచి ఆధార్ దాకా

"మాస్టారూ, పాప పుట్టింది. ఏటి పేరెట్టమంటారు?"

నెలకు నాలుగైదు సార్లు ఈ ఫోన్ వస్తుంది. విజయనగరం నుంచి, చీపురుపల్లి నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒక్కోసారి ఇచ్ఛాపురం నుంచి కూడా. నేను ఆలిమ్‌ని (మత పండితుణ్ణి) కాను. పిల్లలకు ఉర్దూ, అరబ్బీ అక్షరాలు నేర్పినవాణ్ణి, ఆ పైన ఆఫీసు దరఖాస్తులు నింపడం తెలిసినవాణ్ణి. ఈ రెండూ ఒకే మనిషి దగ్గర దొరుకుతాయని నాకు ఫోన్ చేస్తారు. ప్రతిసారీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

పేర్ల పట్టిక ఇవ్వడం లేదు. ఫోన్ తెరిస్తే అలాంటివి వేలు. అసలు చిక్కు అక్కడే మొదలవుతోంది. పేరును ఇంగ్లీషులో చూస్తాం, తెలుగులో పిలుస్తాం, అరబ్బీలో దాని అర్థం ఏమిటని ఆధార్ వచ్చాక అడుగుతాం. ఈ వరస తిరగేయాలి. ముందు అరబ్బీ అక్షరాలు, తర్వాత తెలుగు నోరు, ఆఖర్న ఇంగ్లీషు స్పెల్లింగు.

కావలసినవి

- ఐదుకు మించని పేర్ల చీటీ. ఇరవై పేర్లు రాసుకుంటే చివరికి ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల పేరే నిలుస్తుంది.
- అరబ్బీ రాయడం, చదవడం వచ్చిన మనిషి. మీ మసీదు ఇమామ్ గారు, మక్తబ్‌లో (పిల్లలకు అరబ్బీ నేర్పే బడిలో) చెప్పే గురువు, లేదా ఉర్దూ చదువుకున్న మీ తాతగారు.
- తల్లిదండ్రుల ఆధార్ కార్డులు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం.
- ఒక తెల్లకాగితం. దీని పని ఏడో మెట్టులో వస్తుంది.

1. ముందు అమ్మానాన్నలు ఒక మాట మీదికి రండి

ఇద్దరికీ కుదరకపోతే తండ్రి మాట చెల్లుతుందని చాలామంది ఉలమా (మత పండితులు) చెబుతారు. అది గొడవ తెగడానికి పెట్టిన నియమం. తొమ్మిది నెలలు మోసిన మనిషిని అడక్కుండా మసీదుకెళ్లి పేరు చెప్పేసి రమ్మని కాదు.

మీ ఇద్దరికీ కుదిరాకే దాదీ, నానీ, ఫుప్పూల (నాయనమ్మ, అమ్మమ్మ, మేనత్తల) దగ్గరికి వెళ్లండి. పెద్దవాళ్లు పోయిన తాతగారి పేరు అడిగితే కాదనక్కర్లేదు. ప్రవక్త ముహమ్మద్ (స, అంటే ఆయనపై శాంతి కలుగుగాక) తనకు కొడుకు పుట్టిన రాత్రే "నా పితామహుడు ఇబ్రాహీం పేరు పెట్టాను" అన్నారని హదీసు (ప్రవక్త మాటల, పనుల ఉల్లేఖనం) ఉంది. తాతపేరు రెండో భాగంగా కలపొచ్చు. కానీ అక్కడితో ఆపండి. ఇటు తాత, అటు తాత, మొక్కుకున్న పేరు, ఇంటిపేరు అన్నీ కలిపితే బిడ్డ పదో తరగతి ఫారంలో గళ్లు చాలవు.

మన జిల్లాల్లో ఇరుగుపొరుగువాళ్లు ప్రేమగా మరో మాట చెబుతారు: "ఈ నక్షత్రానికి ఫలానా అక్షరం రావాలట." వాళ్ల ఆచారం వాళ్లది. మనకు నక్షత్రాన్ని బట్టి అక్షరం లేదు, అదృష్ట సంఖ్య లేదు. న్యూమరాలజీ పేరుతో స్పెల్లింగులో అదనపు 'ఎ' ఒకటి దూర్చితే ఆ తర్వాత ఇరవై ఏళ్లు కాగితాల చుట్టూ తిరగాల్సిందే.

2. ఎక్కడ వెతకాలి

వెతకడానికి మంచి చోట్లు నాలుగు.

అబ్ద్‌తో (అంటే దాసుడు) మొదలయ్యేవి: అల్లాహ్‌కు అన్నిటికన్నా ఇష్టమైన పేర్లు అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అని హదీసు.

ప్రవక్తల పేర్లు: ఖుర్ఆన్‌లో పేరుతో వచ్చిన ప్రవక్తలు 25 మంది. ఇబ్రాహీం, యూసుఫ్, మూసా మనకు అలవాటే. ఇద్రీస్, యూనుస్, జకరియ్యా, యహ్యాల వైపు కూడా చూడండి. యహ్యా పేరు అంతకు ముందు ఎవరికీ పెట్టలేదని ఖుర్ఆనే చెబుతుంది. ముహమ్మద్ పేరు పెట్టుకోవడానికి ప్రవక్తే (స) అనుమతి ఇచ్చారు.

ప్రవక్త ఇంటివాళ్లు: కూతుళ్లు జైనబ్, రుఖయ్యా, ఉమ్మె కుల్సూం, ఫాతిమా. భార్యల్లో ఖదీజా, ఆయిషా, హఫ్సా, సఫియ్యా, మైమూనా.

సహాబాలు, సహాబియాత్ (ప్రవక్త సహచరులు, సహచరిణులు): బిలాల్, సుమయ్యా, అస్మా, జైద్. సహాబాల్లో ఖుర్ఆన్‌లో పేరు వచ్చింది జైద్ (ర, అంటే అల్లాహ్ ఆయన పట్ల సంతోషించుగాక) ఒక్కరికే. ఖుర్ఆన్ మొత్తంలో స్త్రీలలో అయితే పేరుతో వచ్చింది ఒక్క మర్యమే, ఏసు తల్లి.

పేరు అరబ్బీలోనే ఉండి తీరాలన్న నియమం లేదు. పర్వీన్, షిరీన్, నర్గిస్ ఫార్సీ పేర్లు, వాటికేం తక్కువ? అర్థం మంచిదై ఉండాలి, మరో దేవుడితో ముడిపడి ఉండకూడదు. అంతే.

3. అరబ్బీ లిపిలో రాయించండి

ఈ ఒక్క మెట్టు దాటేసినవాళ్లే నాకు రెండోసారి ఫోన్ చేస్తారు.

అరబ్బీలో వేరువేరుగా ఉన్న అక్షరాలు తెలుగులోకి వచ్చేసరికి ఒకటైపోతాయి. అక్కడ 'జ' దగ్గర మనకు వినిపించేవి ఐదు అక్షరాలు, 'స' దగ్గర మూడు, 'హ' దగ్గర రెండు. అక్షరం మారితే అర్థం మారుతుంది. మూడు ఉదాహరణలు చూడండి.

ఆసియా: అలిఫ్‌తో, సీన్‌తో రాస్తే ఫిరౌన్ (ఈజిప్టు రాజు) భార్య, విశ్వాసంలో గొప్ప స్త్రీ. ఐన్‌తో, సాద్‌తో రాస్తే 'ఆజ్ఞ మీరేది' అని అర్థం. ఈ రెండో పేరు ఉన్న ఒకామెకు ప్రవక్త (స) జమీలా అని మార్చారు. తెలుగులో రెండూ ఒకటే.

జలీల్: జీమ్‌తో అయితే ఘనత గలవాడు. జాల్‌తో అయితే నీచుడు. ఉర్దూలో ఈ రెండోది తిట్టు. ఇంగ్లీషులో 'జె' బదులు 'జెడ్' వేశారంటే మీ అబ్బాయిని సర్టిఫికెట్ మీదే తిట్టినట్టు.

ఖలీల్: ఖె అక్షరంతో ప్రాణస్నేహితుడు. ఖాఫ్‌తో అయితే 'కొంచెం' అనే అర్థం వస్తుంది.

కాబట్టి మీ ఐదు పేర్లనూ ఇమామ్ గారి చేత అరబ్బీలో రాయించి, పక్కన అర్థం రాయించండి. ఆయన నోటితో రెండుసార్లు పలికించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. శ్రీకాకుళంలో జామియా మసీదులోనో, మీ వీధి మసీదులోనో జుమ్మా నమాజు అయ్యాక పది నిమిషాల పని. హడావుడిలో నిలబెట్టి అడక్కండి, జనం వెళ్లేదాకా ఆగండి.

ఇమామ్ గారు అందుబాటులో లేకపోతే? నిఘంటువు చూసుకోగల ఇద్దరిని విడివిడిగా అడిగి, ఇద్దరి మాటా ఒకటైతేనే ముందుకెళ్లండి. పేర్ల వెబ్‌సైట్ల అర్థాలను నమ్మకండి. వాటిలో ప్రతి పేరుకీ 'స్వర్గపు పువ్వు', 'యువరాణి' అనే రాసి ఉంటుంది.

ఖుర్ఆన్ తెరిచి వేలు పెట్టి, అక్కడున్న మాటను పేరుగా తీసుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. భక్తితో చేసేదే, కానీ దయచేసి మానండి. 'అలైనా' అంటే 'మా మీద' అని అర్థం. 'అన్అమ్త' అంటే 'నీవు అనుగ్రహించావు'. వాక్యంలో గొప్ప మాటలే, విడిగా తీస్తే పేర్లు కావు. 'జానియా' కూడా వినడానికి ముచ్చటగా ఉందని పెడుతున్నారు. ఆ మాటకు అరబ్బీలో వ్యభిచారిణి అని అర్థం.

4. పక్కన పెట్టాల్సినవి

అల్లాహ్‌కు మాత్రమే చెందిన గుణనామాలు విడిగా పెట్టకూడదు. రహ్మాన్, ఖాలిఖ్, సమద్ లాంటివాటికి ముందు అబ్ద్ ఉండాలి. రహీం, కరీం, రషీద్ వంటివి మనుషులకూ వాడతారు, ఇబ్బంది లేదు. ఖుర్ఆనే ప్రవక్తను రవూఫ్, రహీం అంది.

మన దగ్గర జరిగేది ఏమిటంటే, పేరు అబ్దుర్రహ్మాన్ అని సరిగ్గానే పెడతారు. ఆరు నెలలకు "ఒరే రహమానూ" అవుతుంది. బాబామెట్ట మీద ఖాదర్ వలీ బాబా దర్గా ఉన్న ఊరు కాబట్టి విజయనగరంలో ఖాదర్ పేరు చాలా వింటాం. అబ్దుల్ ఖాదర్ అని పెట్టి, అలాగే పూర్తిగా పిలవగలమా అని ముందే ఆలోచించుకోండి. పిలవలేమనుకుంటే వేరే పేరు చూసుకోవడం మేలు.

ఇంకో వైపు నుంచి 'అబ్దుల్' అని మాత్రమే పిలుస్తారు. దానికి '... యొక్క దాసుడు' అని అర్థం. ఎవరి దాసుడో చెప్పకుండా వదిలేసిన పేరు అది.

అబ్దున్నబీ, అబ్దుర్రసూల్ (ప్రవక్త దాసుడు) వంటివి వద్దని చాలామంది ఉలమా అంటారు. దాస్యం అల్లాహ్‌కే కాబట్టి. గులాం రసూల్ వంటి పేర్ల మీద మన దేశంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, మీ ఇమామ్ గారిని అడగండి. రాజాధిరాజు అనే అర్థం వచ్చే పేరు అల్లాహ్ దగ్గర అత్యంత హీనమైనదని హదీసులో ఉంది, షహన్‌షా ఆ కోవలోదే. తనను తాను పొగుడుకున్నట్టుండే పేర్లూ వద్దు. 'పుణ్యవతి' అనే అర్థమున్న బర్రా పేరును ప్రవక్త (స) జైనబ్‌గా మార్చారు.

5. తెలుగు నోటితో పిలిచి చూడండి

మీ బిడ్డను పిలిచేది మీరొక్కరే కాదు. అంగన్‌వాడీ టీచరమ్మ, పాలవాడు, పక్కింటి మామ్మ, బళ్లో అల్లరి పిల్లలు కూడా పిలుస్తారు. పేరు వాళ్ల నోట్లో ఏమవుతుందో చూడాలి.

'జైన్' అని తెలుగులో రాస్తే అరబ్బీలో అందం అనుకోరు, జైన మతం అనుకుంటారు. 'జారా'ను జర అంటే తెలుగులో ముసలితనం. అలీని పొరపాటున 'ఆలి' అని రాస్తే పెళ్లాం. నూర్ కాస్తా 'నూరు' అవుతుంది, పచ్చడి నూరమన్నట్టుగా. అయినా నూరేళ్లు అని సర్దుకోవచ్చు, నాకైతే ఆ పేరు మీద అభ్యంతరం లేదు. ముదస్సిర్ ఖుర్ఆన్ నుంచి వచ్చిన మంచి పేరు. కానీ బళ్లో 'ముద్ద' అవుతుందని తెలిసే పెట్టండి. మర్యమ్‌ను మరియమ్మ అంటారని ఒకరు బెంగపడ్డారు. అందులో బెంగ ఎందుకు? ఆ తల్లీ ఈ తల్లీ ఒకరే కదా.

పరీక్ష ఇలా చేయండి. ఉర్దూ రాని ముగ్గురికి పేరు ఒకసారి చెప్పి, మర్నాడు అడగండి. ఇద్దరు దాదాపు సరిగ్గా చెబితే పేరు మన ఊళ్లో బతుకుతుంది. ముగ్గురూ మూడు రకాలుగా చెబితే మళ్లీ చీటీ తీయండి. తెలుగులోకి వచ్చినా చెడని పేర్లు చాలా ఉన్నాయి: బిలాల్, యూనుస్, ఇమ్రాన్, సల్మా, సుమయ్యా.

ముద్దుపేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నల్లోడు, పొట్టిది, బొండం అని పిలవడం మనకు ముద్దే. కానీ కించపరిచే పేర్లతో పిలుచుకోవద్దని ఖుర్ఆన్ (49:11) అంటుంది. పైగా ఆ పేరు పెళ్లిదాకా వదలదు. ఎచ్చెర్ల దగ్గర షేర్‌మహమ్మద్‌పురం ఉంది. ఇవాళ అందరి నోటా అది ఎస్.ఎం.పురం. అంత పెద్ద ఊరి పేరే పొట్టిదైపోయిందంటే పిల్లల పేరు ఎంత?

6. ఇంటిపేరు ఇప్పుడే తేల్చండి

మన రాష్ట్రంలో ముస్లింల ఇంటిపేరు ముందు వస్తుంది: షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్. తండ్రి ఆధార్‌లో 'ఎస్.కె.' అని ఉంటుంది, తల్లి రేషన్ కార్డులో 'షేక్' అని ఉంటుంది, బిడ్డకు 'షైక్' అని పడుతుంది. ఎస్.కె., ఎం.డి., ఎస్.డి. లాంటి పొట్టి రూపాలు బిడ్డ కాగితాల్లో రానివ్వకండి. పూర్తి ఇంటిపేరు, తండ్రి కాగితాల్లో ఏ స్పెల్లింగు ఉందో అదే.

ఒక్క పేరుతో వదిలేయొద్దు. మన ఉద్దానం, సోంపేట వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు ఎక్కువ. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. పేరు అబ్దుల్ ఖాదర్ అయితే రెండు మాటలూ పేరు గడిలోనే ఉండాలి. ఖాదర్‌ను ఇంటిపేరు గడిలో వేస్తే విమానాశ్రయంలో మీ వాడు 'మిస్టర్ ఖాదర్', బళ్లో 'అబ్దుల్'.

7. తెల్లకాగితం మీద మూడు వరసలు

మొదటి వరస అరబ్బీ, రెండోది తెలుగు, మూడోది ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు. ఇంగ్లీషులో ఎక్కడెక్కడ తడబడతామో ఇదిగో:

- 'జ'కు జె వేయాలా జెడ్ వేయాలా? అరబ్బీ వరస చూసి నిర్ణయించండి.
- 'త'కు మనం టి పక్కన హెచ్ పెడతాం, ఉత్తరాదివాళ్లు పెట్టరు. ఫాతిమా రెండు రకాలుగానూ సరే. ఒకదానికే కట్టుబడండి.
- దీర్ఘానికి రెండు 'ఇ'లా, ఒక 'ఐ'యా? ఒకటి ఎంచుకోండి.
- అబ్దుల్ రహమానా, అబ్దుర్ రహ్మానా? పలుకుబడికి రెండోది సరైనది. అబ్దుస్సలాం, అబ్దుస్సమద్ కూడా అంతే. రెండు మాటలుగా రాయాలో కలిపి రాయాలో కూడా ఇప్పుడే తేల్చండి.

ఈ కాగితం విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. మా పెద్దమ్మాయికి ప్రవక్త (స) పెద్ద కూతురి పేరు, జైనబ్, పెట్టుకున్నాం. నేను నోటితో చెప్పాను, కంప్యూటర్ దగ్గర కూర్చున్నాయన విన్నట్టు కొట్టాడు. జెడ్ బదులు జె పడింది, చివర 'బు' వచ్చింది. ఆయన్ని ఏమంటాం, తెలుగులో అలాగే వినపడుతుంది మరి. ఆ ఒక్క అక్షరం మార్చుకోవడానికి నాలుగు నెలలు తిరిగాను. అప్పట్నుంచి ఎవరికీ నోటితో చెప్పను, కాగితం ముందు పెడతాను.

8. ఏడో రోజు

పుట్టగానే కుడి చెవిలో అజాన్ (నమాజు పిలుపు) చెప్పే ఆచారం ఉంది. పేరు మొదటి రోజే పెట్టొచ్చు, ఏడో రోజు పెట్టొచ్చు, రెండిటికీ ఆధారం ఉంది. ఏడో రోజున అఖీఖా (బిడ్డ పేరిట మేకనో గొర్రెనో కోయడం) చేసి, తల గీయించి, పేరు పెట్టమని హదీసు. అబ్బాయికి రెండు మేకలు లేదా గొర్రెలు, అమ్మాయికి ఒకటి. వెంట్రుకల ఎత్తు వెండిని సదఖా (దానం) చేస్తారు. బంగారు కొట్టువాళ్ల దగ్గర చిన్న త్రాసు ఉంటుంది, అక్కడ తూయించుకోవచ్చు.

లెక్క తప్పేది ఇక్కడే: సాధారణంగా పుట్టిన రోజును కూడా కలిపి లెక్కపెడతారు. శుక్రవారం పగలు పుడితే గురువారం ఏడో రోజు. శుక్రవారం మగ్రిబ్ (సూర్యాస్తమయం) దాటాక పుడితే అది శనివారం లెక్క, కాబట్టి వచ్చే శుక్రవారం.

మేకకు డబ్బు కుదరలేదని పేరు ఆపకండి. అఖీఖా పద్నాలుగో రోజో, ఇరవై ఒకటో రోజో, చేతిలో డబ్బు ఉన్నప్పుడో చేసుకోవచ్చు. చిల్లా అయ్యేదాకా, అంటే నలభై రోజులు, బిడ్డను 'బాబూ' అనే పిలుస్తూ కూర్చోనక్కర్లేదు.

9. రిజిస్ట్రేషన్

పుట్టుక 21 రోజుల్లోపు నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్లే పంపుతారు. ఇంట్లో పుడితే ఇంటిపెద్ద చెప్పాలి. అప్పటికి పేరు తేలకపోయినా టెన్షన్ పడకండి, పేరు లేకుండానే నమోదవుతుంది. నమోదైన 12 నెలల్లోపు పేరు ఉచితంగా చేర్చుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా వీలుంది. పల్లెలో అయితే పంచాయతీ కార్యదర్శి, పట్నంలో అయితే పురపాలక ఆఫీసు. దరఖాస్తుకు సచివాలయానికో మీసేవకో వెళ్లొచ్చు.

జాగ్రత్త: ఒకసారి చేరిన పేరులో అక్షరదోషం దిద్దుతారు గాని, ఆ పేరు తీసి ఇంకో పేరు పెట్టడం చాలా కష్టం. అందుకే డిశ్చార్జి రోజున నర్సమ్మ "పేరేంటమ్మా?" అని అడిగితే నోటికొచ్చింది చెప్పకండి. "ఇంకా పెట్టలేదు" అనండి.

2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్పించడం నుంచి పాస్‌పోర్టు దాకా ఈ బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. ఐదేళ్లలోపు బిడ్డ ఆధార్‌కు వేలిముద్రలు అక్కర్లేదు, పేరు ఈ సర్టిఫికెట్ చూసే ఎక్కిస్తారు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. ఒక ఛాన్సు మన అజాగ్రత్తకే ఖర్చయిపోకూడదు.

10. సరిచూసుకోవడం

ప్రింటు తీయకముందే తెర మీది పేరును మీ తెల్లకాగితంతో పోల్చండి. అక్షరం అక్షరం వేలు పెట్టి, వీలైతే వెనక నుంచి ముందుకు చదవండి. ముందు నుంచి చదివితే మనకు తెలిసిన పేరే కనిపిస్తుంది, అక్కడున్న తప్పు కనిపించదు. తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా అన్నదీ చూడండి. తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉందా, అత్తింటిదా? ఆమె ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే ఉండాలి.

మళ్లీ మళ్లీ అడిగేవి

*బిడ్డకు ఊరికే జ్వరం వస్తోంది, పేరు బరువైందంటున్నారు. మార్చాలా?* పేరుకు బరువు ఉండదు. డాక్టరుకు చూపించండి.

*అర్థం చెడ్డదని ఇప్పుడు తెలిసింది.* అయితే మార్చండి, అది సున్నత్ (ప్రవక్త చూపిన పద్ధతి) కూడా. హజ్న్, అంటే కరుకు నేల, అనే పేరున్న ఒకాయన్ని సహ్ల్ అని మార్చుకోమన్నారు ప్రవక్త (స). సహ్ల్ అంటే సులువు. ఆయన తండ్రి పెట్టిన పేరు మార్చనన్నాడు. ఆ కరుకుదనం తమ ఇంట్లో ఉండిపోయిందని ఆయన మనవడే తర్వాత చెప్పుకున్నాడు. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఇంకా చేరకపోతే ఖర్చు లేని పని. చేరిపోతే ముందు స్పెల్లింగు మార్పుతో అర్థం సరిపడుతుందా చూడండి. జలీల్, ఆసియాల విషయంలో సరిపడుతుంది.

*ఇంట్లో ఒక పేరు, కాగితాల్లో ఒక పేరు పెట్టుకోవచ్చా?* పెట్టుకోవచ్చు. కానీ బళ్లో మొదటి రోజు హాజరు పిలిచినప్పుడు మీ వాడు పలకడు.

ఆ తెల్లకాగితాన్ని పారేయకండి. రెండు జిరాక్సులు తీసి, ఒకటి టీకాల కార్డు కవరులో పెట్టండి, ఒకటి ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. బడి, బ్యాంకు, ఆధార్ కేంద్రం, ఎక్కడికెళ్లినా ముందు అదే బయటికి తీయండి.